కొత్తగా వార్డులో నర్సుగా చేరారా? డాక్టర్లతో, సీనియర్ సిస్టర్లతో, ఆయమ్మలతో నెగ్గుకురావడం ఎలా

నేను డ్యూటీలో చేరిన మూడో వారం, రాత్రి రెండు దాటింది. సాయంత్రం పొట్ట ఆపరేషన్ అయిన పెద్దాయనకు ఒళ్ళంతా చెమటలు, చేతులు చల్లబడ్డాయి, మాట కూడా తేడాగా ఉంది. నేను ఫోన్ ఎత్తి డ్యూటీ డాక్టర్‌తో "సార్, పన్నెండో బెడ్ పేషెంట్‌కి బాలేదు, ఎలాగో ఉన్నారు" అన్నాను. "ఎలాగో అంటే ఎలా? బీపీ ఎంత? యూరిన్ ఎంత వచ్చింది?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. "చూసుకుని చేయమ్మా" అని పెట్టేశాడు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంటే పక్క వార్డు సీనియర్ సిస్టర్ వచ్చి, గబగబా బీపీ చూసి, డ్రెయిన్ (ఆపరేషన్ చేసిన చోటి నుంచి ద్రవం బయటికి తెచ్చే గొట్టం) చూసి, అదే డాక్టర్‌కి ఫోన్ చేసి నాలుగు ముక్కలు చెప్పింది. ఐదు నిమిషాల్లో ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

ఆ రాత్రంతా ఆ డాక్టర్‌ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పటికీ కాస్త తిట్టుకుంటాను, కొత్త పిల్ల భయపడి ఫోన్ చేస్తే వచ్చి చూడాలా వద్దా. కానీ ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి చూసుకుంటే, నా ఫోన్‌కీ ఆ సిస్టర్ ఫోన్‌కీ తేడా ఏంటో తెలుస్తోంది. వార్డులో మనుషులతో బాగుండటం అంటే అందరితో నవ్వుతూ మాట్లాడటం, పుట్టినరోజులకు కేక్ తెప్పించడం అనుకుంటాం. అది కాదు. మీరు చెప్పిన మాట పట్టుకుని డాక్టర్ నిర్ణయం తీసుకోగలగాలి, షిఫ్ట్ మారేటప్పుడు మీరిచ్చిన హ్యాండోవర్ (పేషెంట్ల అప్పగింత) నమ్మి తర్వాతి షిఫ్ట్ సిస్టర్ పని మొదలుపెట్టగలగాలి. ఆ నమ్మకం ఉంటే మీరు కాస్త ముభావంగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. అది లేకపోతే మాత్రం ఎంత మంచిగా ఉన్నా "ఆ అమ్మాయి మంచిదే గానీ..." అంటారు. ఆ "గానీ" చాలా చెడ్డది.

జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) అయినా బీఎస్సీ నర్సింగ్ అయినా, చదువైపోయి మొదటిసారి వార్డులో అడుగుపెడుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కాలేజీలో బెడ్ మేకింగ్ నుంచి అన్నీ నేర్పారు, మనుషులతో ఎలా వేగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదటి వారం: ఎవరు ఎవరో కనుక్కోండి

చేరగానే ఐడీ కార్డు మెడలో వేసి, ఇండక్షన్ అని కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తారు. ఆసుపత్రి ఎంత గొప్పదో అందులో ఉంటుంది, రాత్రి పదకొండింటికి సక్షన్ మెషిన్ పనిచేయకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఉండదు. అది మీరే కనుక్కోవాలి. జేబులో పట్టే చిన్న డైరీ ఒకటి కొనుక్కోండి. మొదటి పేజీలో ఎక్స్‌టెన్షన్ నంబర్లు రాసుకోండి: డ్యూటీ డాక్టర్, నైట్ సూపర్‌వైజర్, ఐసీయూ, ల్యాబ్, బ్లడ్ బ్యాంక్, ఫార్మసీ, మెషిన్లు బాగుచేసే బయోమెడికల్, సెక్యూరిటీ. క్రాష్ కార్ట్‌లో (ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడే మందుల బండి) ఏ అరలో ఏముందో మొదటి రోజే తెరిచి చూసుకోండి, ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

రెండో పేజీలో మనుషుల పేర్లు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ పేరు ఎలాగూ తెలుస్తుంది, ఆయమ్మల పేర్లు, వార్డ్ బాయ్‌ల పేర్లు, ల్యాబ్ శాంపిళ్ళు తీసుకెళ్ళే అబ్బాయి పేరు కూడా రాసుకోండి. "ఓ ఆయమ్మా, ఇటు రా" అని కేకేసే సిస్టర్‌కి బెడ్‌పాన్ పావుగంటకు వస్తుంది. పేరు పెట్టి "అమ్మా, ఓసారి వస్తారా" అని అడిగే సిస్టర్‌కి అప్పటికప్పుడు వస్తుంది. ఇందులో రహస్యమేమీ లేదు, మనమైనా అంతే కదా.

పిలుపుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. డాక్టర్లు సార్, మేడమ్. సీనియర్లు సిస్టర్, మగవాళ్ళయితే బ్రదర్. డ్యూటీ రూమ్‌లో అక్కా అని పిలుచుకోండి గానీ పేషెంట్ల ముందు మాత్రం సిస్టర్ అనే అనండి. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్స్‌ను నర్సింగ్ ఆఫీసర్ అనీ, హెడ్ నర్స్‌ను సీనియర్ నర్సింగ్ ఆఫీసర్ అనీ మార్చారు, బోర్డుల మీద, కాగితాల మీద అలాగే ఉంటుంది, వార్డులో మాత్రం ఇప్పటికీ సిస్టరే. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో కేరళ సిస్టర్లు చాలామంది ఉంటారు, వాళ్ళ సీనియర్లను చేచి, అంటే అక్క, అంటారు, మీరూ అలా పిలిస్తే సంతోషిస్తారు. అయితే వాళ్ళు మలయాళంలో హ్యాండోవర్ ఇచ్చుకుంటూ పోతుంటే మొహమాటపడి తల ఊపకండి. "సిస్టర్, నాకు అర్థం కాలేదు, ఇంగ్లీష్‌లో చెప్పండి" అని అక్కడే అడగండి. అలాగే మణిపూర్ నుంచో మిజోరాం నుంచో వచ్చిన అమ్మాయి ఎదురుగా ఉన్నప్పుడు మనం తెలుగులో వాయించేయకూడదు. ఈ రెండో తప్పు నేను చాలాసార్లు చేశాను.

హ్యాండోవర్: సగం గొడవలు ఇక్కడే పుడతాయి

చాలా ఆసుపత్రుల్లో మార్నింగ్ ఎనిమిది నుంచి రెండు, ఈవినింగ్ రెండు నుంచి ఎనిమిది, నైట్ ఎనిమిది నుంచి ఎనిమిది. పన్నెండు గంటలు నిలబడిన నైట్ సిస్టర్‌కి ఎనిమిదయ్యేసరికి ఇంటి మీదే ధ్యాస ఉంటుంది, పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించాలి, ఆ టైమ్‌లో మీరు ఎనిమిదీ పదికి వచ్చి బ్యాగ్ పెట్టి, జుట్టు సర్దుకుని, టీ తాగి వస్తానంటే ఆమె మిమ్మల్ని జన్మలో మర్చిపోదు. పావుగంట ముందు వెళ్ళండి. ఆ ఒక్క అలవాటు వల్ల నాకు దొరికినన్ని స్నేహాలు ఇంక దేనివల్లా దొరకలేదు.

హ్యాండోవర్ నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని తీసుకోవద్దు. బెడ్ దగ్గరికి వెళ్ళి తీసుకోండి. ఆమె చెబుతుంటే మీ కళ్ళతో చూడండి: క్యాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం) దగ్గర వాపుందా, సెలైన్ ఎంత మిగిలింది, పంపు మీద రేట్ ఎంత, యూరోబ్యాగ్‌లో ఎంతుంది, డ్రెయిన్ ఏ రంగులో వస్తోంది, డ్రెస్సింగ్ తడిసిందా, వీపు మీద పుండు మొదలైందా. డైరీలో బెడ్ నంబర్ పక్కన రోగం, ఆపరేషన్ అయి ఎన్నో రోజు, రావాల్సిన రిపోర్టులు, తర్వాతి డోస్ టైమ్, ఏ మందు పడదు, నోటి ద్వారా ఏమైనా ఇవ్వొచ్చా లేదా, ఇంతే రాసుకోండి. పంచదార కలిపినట్టు కబుర్లు రాసుకోనక్కర్లేదు.

ఒకసారి నేను బద్ధకించి కుర్చీలో కూర్చుని హ్యాండోవర్ తీసుకున్నాను. అరగంట తర్వాత చూస్తే ఒక పేషెంట్ చెయ్యి మోచేయి దాకా వాచిపోయి ఉంది, సెలైన్ నరంలోకి కాకుండా బయటికి పోతోంది. అది ఎవరి షిఫ్ట్‌లో మొదలైంది? నాకు తెలియదు, ఆమెకూ తెలియదు, ఇద్దరం ఇన్‌ఛార్జ్ ముందు నిలబడి ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నాం. ఆ సిస్టర్‌తో నాలుగు నెలలు మాటల్లేవు.

ముందు షిఫ్ట్ వాళ్ళు ఏదైనా మిగిల్చారనిపిస్తే వాళ్ళు బట్టలు మార్చుకునేలోపే, పేషెంట్‌కి వినపడకుండా, "ఆరింటి యాంటీబయాటిక్‌కి సంతకం లేదు సిస్టర్, ఇచ్చారా?" అని అడగండి. అడగడం వేరు, "ఇవ్వలేదా!" అని నలుగురిలో అనడం వేరు. ఆమె ఇవ్వలేదంటే డాక్టర్‌కి చెప్పి మీరిచ్చిన టైమ్‌తో మీరు రాయండి, ఆమె కోసం పాత టైమ్ వేసి రాయకండి. "ప్లీజ్ సిస్టర్, ఒక్క సంతకం" అని బతిమాలతారు. మొదటిసారి చేస్తే అలవాటైపోతుంది, రేపు కేస్ షీట్ బయటికి తీస్తే దాని మీద ఉండేది మీ పేరే.

మీరు ఇచ్చేటప్పుడు కూడా దాచకండి. "రెండు పనులు మిగిలాయి సిస్టర్, తొమ్మిదో బెడ్ డ్రెస్సింగ్, పద్నాలుగో బెడ్ బ్లడ్ శాంపిల్, అడ్మిషన్ వచ్చి చేయలేకపోయాను" అంటే విసుక్కుంటారేమో గానీ రేపు మిమ్మల్ని నమ్ముతారు.

డాక్టర్‌కి ఫోన్ చేసేముందు

ఫోన్ ఎత్తేముందు రెండు నిమిషాలు పేషెంట్ దగ్గర ఉండండి (మనిషి శ్వాస తీసుకోవట్లేదంటే ఈ మాటలన్నీ పక్కనపెట్టి కోడ్ బ్లూ, అంటే ఎమర్జెన్సీ టీమ్‌ని, పిలవండి, అది వేరే లెక్క). బీపీ, పల్స్, శ్వాస, ఆక్సిజన్, టెంపరేచర్, యూరిన్, షుగర్ అవసరమైతే అది కూడా. కేస్ షీట్ చేతిలో పెట్టుకుని అప్పుడు చేయండి.

చెప్పడానికి ఎస్‌బార్ అనే పద్ధతి ఒకటుంది, నాలుగు ముక్కలు: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథ ఏంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. ఇది అమెరికా నేవీ సబ్‌మెరైన్లలో వాడిన పద్ధతి, 2000 తర్వాత అక్కడి కైజర్ పర్మనెంటె అనే ఆసుపత్రుల సంస్థ వైద్యంలోకి తెచ్చిందని చెబుతారు. పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, మాట ఎలా ఉండాలో చూడండి. ఆ రాత్రి ఆ సీనియర్ సిస్టర్ చెప్పింది దాదాపు ఇదే:

"సార్, మేల్ సర్జికల్ వార్డ్ నుంచి స్టాఫ్‌ని. పన్నెండో బెడ్ పేషెంట్ బీపీ 90/60 ఉంది, పల్స్ 124, చెమటలు పడుతున్నాయి. సాయంత్రం లాపరాటమీ అయింది, పదింటికి బీపీ 120/80. గత రెండు గంటల్లో యూరిన్ 20 ఎంఎల్ మాత్రమే, డ్రెయిన్‌లో 300 ఎంఎల్ ఎర్రగా వచ్చింది. లోపల బ్లీడ్ అవుతోందని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి సార్. ఈలోపు ఫ్లూయిడ్ ఫాస్ట్ చేయమంటారా, బ్లడ్ బ్యాంక్‌కి శాంపిల్ పంపమంటారా?"

అరనిమిషం కూడా పట్టదు. చాలామంది కొత్తవాళ్ళు మొదటి రెండు ముక్కలు చెప్పి ఆగిపోతారు, "అనుమానం" అనే మాట నోట్లోంచి రాదు, రోగం ఏంటో చెప్పడానికి మనమెవరం అని. మీరు రోగ నిర్ణయం చేయట్లేదు, ఆరు గంటలుగా ఆ మనిషి పక్కన ఉన్నది మీరు, చూసింది చెబుతున్నారు. చెప్పండి. తప్పయితే తప్పవుతుంది. "మీరు రావాలి" అనేది కూడా స్పష్టంగా అనండి, "ఓసారి చూస్తారా సార్, వీలైతే" అంటే నిద్రలో ఉన్న మనిషికి వీలు కాదు.

రాలేదనుకోండి. పది నిమిషాలాగి మళ్ళీ చేయండి. అప్పటికీ రాకపోతే "సార్, బీపీ ఇంకా పడిపోతోంది, మీరు రాలేకపోతే నేను సీనియర్‌కి, నైట్ సూపర్‌వైజర్‌కి చెప్పాలి" అని మామూలు గొంతుతో చెప్పి, నిజంగానే చెప్పండి. వెనక నుంచి ఫిర్యాదు చేసినట్టు కాకుండా ముందే చెప్పి చేస్తే గొడవ సగం తగ్గుతుంది. ప్రతి ఫోన్‌కీ నర్సెస్ నోట్స్‌లో టైమ్ వేసి ఒక లైన్ రాయండి: 2.10కి డ్యూటీ డాక్టర్‌కి తెలియజేశాను, ఇలా చెప్పారు. తర్వాతి ఉదయం ఎవరికేం గుర్తున్నా లేకపోయినా ఆ లైన్ ఉంటుంది.

అరుపుల గురించి ఒక మాట. రౌండ్స్‌లో కన్సల్టెంట్ (పెద్ద డాక్టర్) పీజీ చదువుతున్న జూనియర్ డాక్టర్‌ని తిడితే, పీజీ వచ్చి మన మీద అరుస్తాడు, అత్త మీద కోపం దుత్త మీద. మీ తప్పుంటే "సారీ సార్, ఇప్పుడే చేస్తాను" అని చేసేయండి. లేకపోతే అక్కడ వాదించకండి, పేషెంట్ ముందు అసలు వద్దు. రౌండ్స్ అయ్యాక ఒంటరిగా దొరికినప్పుడు "సార్, ఆ శాంపిల్ ఏడింటికే పంపాను, ల్యాబ్ రిజిస్టర్‌లో ఉంది, అందరిముందు అలా అన్నారు, ఇంకోసారి ముందు నన్నడగండి" అని చెప్పండి. నేను ఇలా ముగ్గురికి చెప్పాను. ఇద్దరు సారీ అన్నారు. మూడో ఆయన ఇంకో పది రోజులు మూతి ముడుచుకున్నాడు, ఆ తర్వాత ఆయనే సర్దుకున్నాడు.

నోటి మాట ఆర్డర్లు, వద్దని చెప్పాల్సిన ఆర్డర్లు

ఫోన్‌లో మందు చెబితే ముందు రాయండి, రాసింది తిరిగి చదివి వినిపించండి, "అవును" అనిపించుకోండి. ఫోన్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకలాగే వినపడతాయి, అందుకని "ఒకటి, ఐదు, పదిహేనేనా సార్" అని విడగొట్టి అడగండి. వీలైతే పక్కన ఇంకో సిస్టర్‌ని కూడా వినమనండి. ఆయన వార్డుకి రాగానే సంతకం చేయించుకోండి, చాలా ఆసుపత్రుల పాలసీలో దీనికి 24 గంటల గడువుంటుంది, మీ దగ్గర ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. సంతకం అడిగితే చిరాకు పడతారు. పడనివ్వండి, పెన్ను చేతికివ్వండి.

ఇన్సులిన్ దగ్గర నాకు ఎవరి మీదా నమ్మకం లేదు, నా మీద కూడా. మన దగ్గర 40 యూనిట్ల వయల్స్ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి, దేని సిరంజి దానిదే, 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. ఒకదాని సిరంజితో ఇంకోటి లాగితే డోస్ రెండున్నర రెట్లు తేడా వస్తుంది. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ ఇలాంటివి లాగాక పక్క సిస్టర్‌కి చూపించండి. "నన్ను నమ్మట్లేదా" అని ఎవరూ అనుకోరు, అనుకుంటే వాళ్ళకే ఇంకా వార్డు అర్థం కాలేదు. మీరు అందరికంటే జూనియర్ అయినా సీనియర్ లాగిన సిరంజి "ఓసారి చూడనా సిస్టర్" అని అడగొచ్చు. మంచి సీనియర్ చూపిస్తుంది.

ఆర్డర్ తప్పనిపిస్తే? "సార్, ఈ పేషెంట్‌కి పెన్సిలిన్ అలర్జీ అని కేస్ షీట్ మీద ఉంది, ఓసారి చూస్తారా" అని కాగితం చూపించి అడగండి. తప్పు ఆయనది అన్నట్టు కాకుండా, కాగితం మీద ఇలా ఉంది అన్నట్టు. తొంభై శాతం అక్కడే సర్దుకుంటుంది, థ్యాంక్స్ కూడా చెబుతారు. మిగిలిన పది శాతంలో "చెప్పింది చెయ్" అంటారు. సెలైన్‌లో కలపకుండా పొటాషియం క్లోరైడ్ నేరుగా నరంలోకి కొట్టమంటే గుండె ఆగిపోతుంది, అది ఎవరు చెప్పినా చేయకూడదు, ఉద్యోగం పోయినా చేయకూడదు. "నేను ఇవ్వలేను సార్, ఇన్‌ఛార్జ్‌తో మాట్లాడతాను" అని చెప్పి పక్కకి రండి. గొంతు వణుకుతుంది, వణకనివ్వండి.

సీనియర్ సిస్టర్లు

వీళ్ళలో రెండు రకాలుంటారు, రెండూ పైకి ఒకలాగే కనపడతాయి, అదే చిక్కు. ఒకామె పనిని తిడుతుంది: "ఇదేం చార్టింగ్, ఇంటేక్ అవుట్‌పుట్ టాలీ కాదు, మళ్ళీ రాయి." ఇంకొకామె మనిషిని తిడుతుంది: మీ కాలేజీ గురించి, మీ ఊరి గురించి, కులం గురించి, ఒంటి రంగు గురించి, జీఎన్ఎమ్ అనో బీఎస్సీ అనో. మొదటామెకు అతుక్కుపోండి, ఆమె తిట్లు తిని నేర్చుకున్నదే నాకిప్పుడు అన్నం పెడుతోంది. రెండోఆమెతో పని వరకే ఉండండి, డైరీలో తేదీ, ఆమె అన్న మాట, విన్నవాళ్ళు ఎవరో రాసి పెట్టుకోండి, హద్దు దాటితే ఇన్‌ఛార్జ్‌కి, అక్కడ కాకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్‌కి తీసుకెళ్ళండి.

బీఎస్సీ పిల్లలకు చిన్న హెచ్చరిక. ఇరవై ఏళ్ళ సర్వీసున్న జీఎన్ఎమ్ సిస్టర్ దగ్గర పుస్తకం అప్పచెప్పకండి. మీకు మెకానిజం తెలుసు, నిజమే. ఆమెకు దూరం నుంచి పేషెంట్ ముఖం చూసి ఐసీయూకి పంపాలో వద్దో తెలుసు. అడిగి నేర్చుకోండి, ఆమె అడిగితే మీకు తెలిసింది చెప్పండి.

క్యాన్యులా రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే మూడోసారి పొడవకుండా సీనియర్‌ని పిలవండి. పరువు పోదు. మూడోసారి పొడిస్తే పేషెంట్ అరుపులతో పోతుంది.

రోస్టర్ దగ్గర లెక్క ఉంచుకోండి. మన వార్డుల్లో క్రైస్తవ సిస్టర్లు చాలామంది, డిసెంబర్ 25న అందరికీ ఆఫ్ కావాలి. మీకు సంక్రాంతికో బతుకమ్మకో ఊరెళ్ళాలి. నవంబర్‌లోనే వెళ్ళి "సిస్టర్, క్రిస్మస్‌కి మీ నైట్ నేను చేస్తాను, భోగి రోజు నాది మీరు చేయండి" అని మాట్లాడుకుని, ఇన్‌ఛార్జ్‌తో రాయించుకోండి. నోటి మాటగా వదిలేస్తే జనవరి 12 నాటికి వాళ్ళకి జ్వరం వస్తుంది.

డబుల్ డ్యూటీ అడిగితే ప్రతిసారీ సరే అనకండి, ప్రతిసారీ కుదరదనకండి. నిజంగా మనిషి లేనప్పుడు ఒకటి చేయండి. వారానికి మూడోసారి అడుగుతుంటే "నిన్న నైట్ చేశాను సిస్టర్, ఇంకో పన్నెండు గంటలు నిలబడితే మందు తప్పిస్తాను" అనండి, ఇది సాకు కాదు, నిజం. జీతం సంగతికొస్తే, 50 బెడ్ల లోపు ప్రైవేట్ ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని 2016లోనే కేంద్రం వేసిన కమిటీ సిఫారసు చేసింది. మీ పే స్లిప్ తీసి చూసుకోండి, నేనేమీ అనను.

డ్యూటీ రూమ్‌లో అన్న మాట రౌండ్స్ అయ్యేసరికి మేట్రన్ దగ్గర ఉంటుంది. వార్డ్ వాట్సాప్ గ్రూప్‌లో పేషెంట్ ఫోటో, ఎక్స్‌రే, కేస్ షీట్ పేజీ పెట్టకండి, "అందరూ పెడుతున్నారు" అయినా సరే.

ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు

మంచం మీంచి లేవలేని మనిషి కింద దుప్పటి మార్చడం నాకు కాలేజీలో నేర్పారు, చేతికి అబ్బింది మాత్రం ఓ ఆయమ్మ దగ్గర. "అట్టా కాదమ్మా, ముందు నీ వైపు దొర్లించు" అని ఒక్కసారి చూపించింది. పని చెప్పి కుర్చీలో కూర్చోకండి, పేషెంట్‌ని తిప్పేటప్పుడు ఒక చెయ్యి వేయండి. మలం, వాంతి శుభ్రం చేసేటప్పుడు ముక్కు మూసుకుని బయటికి పోకండి, అవి వాళ్ళకీ కంపే.

కానీ మన పని వాళ్ళ చేత చేయించకండి. క్యాన్యులా తీయడం, ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్‌లో ఫీడ్ పోయడం, ఆక్సిజన్ తగ్గించడం, "నీకు అలవాటే కదా, చెయ్యవా" అంటే చేస్తారు. ఫీడ్ ఊపిరితిత్తుల్లోకి పోతే సమాధానం చెప్పాల్సింది మీరు, ఉద్యోగం పోయేది ఆయమ్మకు. పుట్టిన పిల్లను చూపించడానికి డబ్బులు అడిగే చోట ఉంటే అందులో మీ వాటా అంటూ ఏదీ ముట్టుకోకండి, ఒక్కసారి ముడితే ఇక ఏ తప్పూ ఎత్తిచూపలేరు.

అటెండెంట్లు

పేషెంట్ ఒక్కడు, పక్కన పదిమంది. సెలైన్ అయిపోయిందని ఒకరు, డాక్టర్ ఎప్పుడొస్తారని ఒకరు, బిల్లు ఎందుకింత అని ఇంకొకరు. వాళ్ళలో మాట వినే మనిషిని ఒకరిని పట్టుకుని ప్రతి షిఫ్ట్‌లో ఒకసారి ఆయనకే చెప్పండి: ఇప్పుడు ఈ టెస్ట్‌కి పంపాం, రిపోర్ట్ సాయంత్రం వస్తుంది, డాక్టర్ గారు ఏడింటికి వస్తారు. ఏమీ జరగకపోయినా "ఇంకా రాలేదండి, కనుక్కున్నాను" అని చెప్పండి. ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్లే ఎక్కువ మంది మండిపడతారు. రోగం ఏంటి, బతుకుతాడా లేదా అనేది డాక్టర్ చెప్పాల్సిన మాట, జాలిపడి మీరు చెప్పకండి. "ఆ డాక్టర్ లేట్ చేశాడు" అని వాళ్ళ దగ్గర నోరు జారకండి, లోపల ఎంత కోపమున్నా దాన్ని ఇన్‌ఛార్జ్ దగ్గరికి తీసుకెళ్ళండి.

కోపంగా మీదికొస్తుంటే తలుపుకు దగ్గరగా నిలబడండి, ఒంటరిగా ఉండకండి, సెక్యూరిటీని ముందే పిలవండి, చెయ్యి లేచాక కాదు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం వచ్చింది, అందులో నర్సులూ ఉన్నారు. మేనేజ్‌మెంట్ "పోనీలేమ్మా" అంటే ఆ చట్టం పేరెత్తండి.

మీ చేత్తో తప్పు జరిగినప్పుడు

జరుగుతుంది. పక్కపక్క బెడ్లలో ఒకే పేరున్న ఇద్దరు తాతలు, నేను రిస్ట్ బ్యాండ్ చూడకుండా పేరు పెట్టి పిలిచాను, తప్పు తాత "ఊ" అన్నాడు, యాంటీబయాటిక్ ఇచ్చేశాను. గుర్తొచ్చేసరికి కాళ్ళు చల్లబడ్డాయి. ఎవరూ చూడలేదు. చెప్పకపోయినా తెలిసేది కాదు.

ముందు పేషెంట్‌ని చూడండి, దద్దుర్లు, ఆయాసం, బీపీ. వెంటనే డ్యూటీ డాక్టర్‌కి, తర్వాత ఇన్‌ఛార్జ్‌కి చెప్పండి, కథ అల్లకుండా, "నేను బ్యాండ్ చూడలేదు" అని. ఇన్సిడెంట్ ఫారం రాయండి, జరిగింది మాత్రమే, ఎవరి గురించీ అభిప్రాయాలు వద్దు. చార్ట్‌లో తప్పు రాసి ఉంటే వైట్‌నర్ పూయకండి, దిద్దకండి, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం, తేదీ, టైమ్ వేయండి. మా ఇన్‌ఛార్జ్ నన్ను గట్టిగానే తిట్టింది, తాతకు ఏమీ కాలేదు. కానీ ఆ నెల నుంచే ఆమె నాకు ఒంటరిగా నైట్ వార్డు అప్పగించడం మొదలుపెట్టింది. ఎందుకని చాన్నాళ్ళ తర్వాత అడిగితే, "నువ్వు దాచవు కదా" అంది.

వేధింపులు

ఇక్కడ సర్దుకుపోవడాల్లేవు. డాక్టర్ కావచ్చు, టెక్నీషియన్ కావచ్చు, సూపర్‌వైజర్ కావచ్చు, చేయి వేయడం, రాత్రిపూట మెసేజ్‌లు, "రూమ్‌కి రా, కేస్ డిస్కస్ చేద్దాం" లాంటివి మొదలైతే మెసేజ్‌లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నమ్మకమైన ఒకరికి అదే రోజు చెప్పండి. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ఆసుపత్రులకు, నర్సింగ్ హోమ్‌లకు కూడా వర్తిస్తుంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి, అంతకంటే చిన్న చోటైతే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు, విచారణ 90 రోజుల్లో ముగించాలి. కమిటీలో ఎవరున్నారో గోడ మీద ఉండాలి. చేరిన వారంలోనే చూసి డైరీ మొదటి పేజీలో రాసుకోండి, అవసరం పడ్డప్పుడు వెతుక్కునే ఓపిక ఉండదు.

మానేసేటప్పుడు

గల్ఫ్‌కో యూకేకో వెళ్ళాలనుకునే వాళ్ళకు ఇది ముఖ్యం. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిఫరెన్స్ రెండూ ఈ వార్డు నుంచే రావాలి, కాబట్టి జీతం పడ్డ మర్నాడు ఫోన్ స్విచాఫ్ చేసి మాయమవకండి. చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తీసుకోండి, జెరాక్స్ మాత్రమే ఇవ్వండి. నోటీస్ పీరియడ్ ఎంతో ఆఫర్ లెటర్‌లో చదువుకుని, రాజీనామా కాపీ మీద తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ముందు ఇన్‌ఛార్జ్‌కి నోటితో చెప్పి, ఆ తర్వాతే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి, ఆమెకు ఇంకొకరి నోట తెలిస్తే రిఫరెన్స్ ఫారం టేబుల్ మీద రెండు నెలలు పడి ఉంటుంది. చివరి షిఫ్ట్ అయినా సరే, హ్యాండోవర్ బెడ్ దగ్గరే ఇవ్వండి.